అంగట్లో అనకూడని మాట

నవంబర్ 3, సోమవారం

అంగట్లో నోరు విప్పితే సాయంత్రానికి కల్లూరంతా తెలిసిపోతుంది. ఇంట్లో విప్పితే నాకంటే ముందు నా పెండ్లాం శ్రీదేవి ఏడుస్తుంది. అందుకని ఈడ రాస్తాండా. పప్పుల కంపెనీవాళ్ళు ఏడాది మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ కాటా ఒక పక్కకు ఒరగకుండా దాని కింద పెట్టుంటి.

పాపను విజయవాడ నుంచి తెచ్చి వారమైంది. కాలేజీ వార్డెనమ్మ ఫోన్ చేసింది. వారం వారం పెట్టే పరీక్షలో పాప పెన్ను కింద పెట్టి ఊరికే కూర్చునిందంట, మళ్ళా ఎత్తలేదంట. జరం లేదు, నొప్పి లేదు. "మీ సుచరితను కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకోండి సార్" అనింది. పోయి తెచ్చినా. బస్సులో కిటికీ పక్కన సీటిచ్చినా. దోవంతా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటా కూర్చునింది.

పోయిన సంవత్సరం నీట్‌లో కొంచెంలో సీటు పోయింది. ఇది లాంగ్ టర్మ్, రెండోసారి. అంగటికొచ్చినోళ్ళందరికీ సెలవులని చెప్తాండా. "డాక్టరమ్మ ఎప్పుడొచ్చింది అన్నా?" అని అడుగుతారు. ఆ పేరు పెట్టింది నేనే, పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చినప్పుడు. ఇప్పుడు కల్లూరులో సుచరిత అంటే ఎవరికీ తెలీదు, డాక్టరమ్మ అంటేనే తెలుసు.

పాప బాగుండాది. తింటాండాది. కొంచెం తక్కువ.

చక్కెర నిండుకుంది. తెప్పించాల.

నవంబర్ 5

మధ్యాన్నం అందరం అన్నం తింటాంటే సందు చివర బడిలో గంట కొట్టినారు. పాప కంచం ముందు నుంచి లేచి నిలబడింది. ముద్ద చేతిలోనే ఉండాది, కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటాండాది. శ్రీదేవి "ఏందే, యాడికి? కూర్చో" అంటే కూర్చునింది. మళ్ళా తినలేదు.

కాలేజీవాళ్ళు క్రమశిక్షణ బాగా నేర్పినారు. అది ఒప్పుకోవాల.

నవంబర్ 6

కర్నూల్లో డాక్టరు కాడికి పోయినాము. మనసు డాక్టరని శ్రీదేవి ముందే చెప్పుంటే నేను వచ్చేవాణ్ణి కాదు. మెట్లెక్కేటప్పుడు తెలిసినోళ్ళు ఎవరన్నా చూస్తాండారేమోనని చూసుకుంటా ఎక్కినా. అడిగితే పంటి నొప్పి అని చెప్దామనుకున్నా. పైన పండ్ల డాక్టరు కూడా ఉండాడు, బోర్డు చూసినా.

మనసు డాక్టరు పాపతో శానాసేపు మాట్లాడింది, మమ్మల్ని బయట కూర్చోబెట్టి. తర్వాత పిలిచి, మందులు ఇప్పుడే వద్దు, చదువు మాట కొన్నాళ్ళు ఎత్తొద్దు అనింది. 'తీరిక' అని ఒక గుంపు ఉండాదంట. ప్రతి శనివారం ఇట్లాంటి పిల్లలందరూ ఒక హాల్లో కూర్చుని బొమ్మలేస్తారంట, మట్టి పిసుకుతారంట, కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటారంట. దాంతో తట్టుకునే శక్తి వస్తాదంట.

ఊపిరి చూసుకునేదానికి ఇంకొకరి హాలెందుకు? ఎంత తీసుకుంటారు అని అడిగినా. ఏమీ తీసుకోరు అనింది.

అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఉత్తగా ఇచ్చేది ఏదీ ఉత్తది కాదు. రెండు సబ్బులు కొంటే మూడోది ఉత్తగా నేనూ ఇస్తా. ఎందుకిస్తానో నాకు తెలుసు.

నవంబర్ 8, శనివారం

స్కూటరు మీద నేనే దింపినా. నడిపే ఆమె పేరు ప్రేమజ్యోతి. పేరు విన్నాక నాకు విషయం అర్థమైపోయింది. ఇంటికొచ్చి శ్రీదేవితో చెప్పినా, "చూడు, ముందు బొమ్మలంటారు, తర్వాత పాటలంటారు, ఆ తర్వాత చర్చి అంటారు."

శ్రీదేవి చింతపండు పిక్కలు తీస్తాండాది, తలెత్తలేదు. "మీ అంగట్లో చర్చికి పోయేటోళ్ళు ఎందరు పప్పు కొంటారు?"

"శానామంది."

"వాళ్ళు కొన్న పప్పుకు మీరు నామాలు పెట్టి పంపిస్తాండారా?"

ఈమెతో మాట్లాడి గెలవలేం. కానీ నేను గమనిస్తానే ఉంటా.

నవంబర్ 12

పాప ఈరోజు పొద్దున అంగట్లోకొచ్చి బియ్యం మూటల మీద కూర్చునింది.  కొత్త కాలనీ ఆమె ఎవరో వచ్చి అచ్చు బెల్లం అడిగింది. నేను నోరు తెరిచే లోపలే పాప చెప్పింది, "నిండుకుందండి. రేపొస్తాది."

నా కడుపు నిండింది. చిన్నప్పుడు, ఇంకా బడిలో కూడా వెయ్యలేదు, ఇదే మూటల మీద కూర్చుని ఎవరో ఉప్పడిగితే "లేదు, లేదు, లేదు" అని పాటెత్తుకునింది. మా నాయన అప్పుడు బతికుండాడు, అదిరిపోయినాడు. నేను పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పినా. "అంగట్లో ఆ మాట అనకూడదు పాపా. లక్ష్మీదేవి వింటే అవునా అని వెళ్ళిపోతాది. ఏదన్నా అయిపోతే నిండుకుంది అనాల." ఇంట్లో కూడా అంతే కదా, దీపం ఆరిందని ఎవరంటారు, కొండెక్కిందంటాం. ఒక్కసారి చెప్తే పట్టుకునింది. అప్పట్నుంచి ఆ లేదు అనే మాట నేను దాని నోట వినలేదు. అంగట్లోనే కాదు, యాడా వినలేదు. రెండోసారి విజయవాడ పోతావా అంటే "సరే నాన్నా" అనింది. అంత మంచి బిడ్డ.

నవంబర్ 15, శనివారం

పాప స్నానానికి పోయినప్పుడు సంచి చూసినా. వెతకలేదు, కిందపడుంటే తీసి పెట్టబోయి చూసినా. రంగుల డబ్బా, గుడ్డపేలిక, ఒక మట్టి ముద్ద. ముద్ద వాసన చూసినా. మట్టి వాసనే. దాని మీద వేళ్ళు గట్టిగా నొక్కిన గుర్తులు ఉండాయి.

బొమ్మ కూడా చెయ్యలేదు, ఊరికే పిసికినారు. ఇది ఏం విద్యో నాకు తెలీదు.

శ్రీదేవితో చెప్తే "ఊరికే పిసకనీ, ఎవర్నో పిసికేదానికంటే మేలు" అనింది. ఆ ఎవరో అనేటప్పుడు నా పక్క చూసింది.

నవంబర్ 19

శామ్ అని ఒకడు ఉండాడు ఆ గుంపులో. ప్రేమజ్యోతికి చేతికింద పనిచేస్తాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాది. గడ్డం. పాప ఇంటికొచ్చేది మా ఓబుళేశు షేర్ ఆటోలో. వాణ్ణి పక్కకు పిలిచి అడిగినా, "ఏమప్పా, మా పాప ఎవరితోనన్నా మాట్లాడుతాండాదా?"

"మాట్లాడుతాది అన్నా. నాగజ్యోతి అని వెల్దుర్తి పిల్ల."

"మగపిల్లలు?"

ఓబుళేశు నా మొగం చూసి నవ్వినాడు. "అన్నా, ఆ పిల్ల నా ఆటోలో కూర్చుంటే ఉండాదో లేదో కూడా తెలీదు. ఒకసారి దింపడం మరిచిపోయి చెన్నమ్మ సర్కిల్ దాకా పోయినా. అప్పుడు కూడా ఆపమని అడగలేదు."

వీడు కూడా వాళ్ళ మనిషేనేమో.

నవంబర్ 22, శనివారం

"ఏం చెప్తారు పాపా అక్కడ?"

"ఏమీ చెప్పరు నాన్నా."

"ఏమీ చెప్పకపోతే రెండు గంటలు ఏం చేస్తారు?"

చెప్పాలా వద్దా అన్నట్టు నా మొగం చూసి, చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు చూడమంటారు. మార్చొద్దంటారు. గాలి లోపలికొస్తాంటే వస్తాంది అనుకోవాల. భయం వస్తే భయం వచ్చింది అనుకోవాల. తర్వాత అదే రంగులో వెయ్యాల."

"నీకేం భయం? మేము ఉండాము కదా."

"ఊ" అనింది.

ఉన్నది ఉన్నట్టు చూడాలంట. ఉన్నది ఉన్నట్టు చెప్తే అంగడి నడుస్తాదా? పురుగు పట్టిన పెసలు పురుగు పట్టినాయని చెప్పి అమ్మమంటారా? బతుకు నేర్పేది ఇట్లనా?

నవంబర్ 24

కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్. డిసెంబర్ 22న కొత్త బ్యాచ్ మొదలంట. ఇది దాటితే మళ్ళా చేర్చుకోము అన్నారు. "ఏం సార్, అమ్మాయి రికవర్ అయిందా?" అని అడిగినాడు.

"శానా బాగుండాది సార్" అన్నా.

పక్కన పాప కారప్పొడి ప్యాకెట్లు సర్దుతాండాది. వినిందో లేదో తెలీదు. సర్దడం ఆపలేదు కాబట్టి విని ఉండదు.

నవంబర్ 29, శనివారం

ఈరోజు పిల్లలందర్నీ ఓర్వకల్లు రాళ్ళ కాడికి తీసుకపోయినారు. నాకూ ఓర్వకల్లులో వేరుశనగ మాట్లాడే పని ఉండాది. రేపైనా మాట్లాడొచ్చు, వాళ్ళు ఎట్లాగూ ఆ పక్కే పోతాండారు కదా అని ఈరోజే పోయినా.

స్కూటరు రోడ్డు పక్కన పెట్టి ఎక్కినా. ఎండ మండిపోతాండాది. పెద్ద బండ చాటున నిలబడితే వాళ్ళు బాగా కనపడినారు. పదిహేనుమంది దాకా ఉండారు, చదునుగా ఉన్న బండ మీద గుండ్రంగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ప్రేమజ్యోతి మెల్లగా చెప్తాండాది, "గాలి చప్పుడు వినండి. బాగుంది అనొద్దు, బాగలేదు అనొద్దు. ఊరికే వినండి." ఆమె తెలుగు బెంగుళూరు తెలుగు. అక్కడే పుట్టి పెరిగిందంట.

దేవుని పేరు ఒక్కసారన్నా వస్తాదేమోనని చూసినా. రాలేదు. ఎవరి దేవునిదీ రాలేదు.

తర్వాత తలా ఒక డబ్బాలో ముగ్గుపిండి ఇచ్చి బండ మీద ఏమన్నా వేసుకోండి అనింది. ఒకడు చేప వేసినాడు, ఒకతి ఇల్లు. మా పాప చుక్కలు పెట్టింది. వరస వరసగా, పక్కాగా, వాళ్ళమ్మ మాదిరే పెడతాది. గీతలు మాత్రం కలపలేదు. నాగజ్యోతి కాబోలు, పక్కనున్న పిల్ల, "ఏమే, కలపవా?" అని అడిగింది. "ఈరోజు చుక్కలేనే" అని మా పాప నవ్వింది.

నవ్వింది. పండ్లు కనపడేట్టు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. నాకు సంతోషం రావాల కదా, కోపమొచ్చింది. నా ఇంట్లో రాని నవ్వు ఈ రాళ్ళ మీద ఎట్లొచ్చింది? నేను ఏం తక్కువ చేసినా?

చివర్లో అందరూ చెంబులతో నీళ్ళు పోసి ముగ్గంతా కడిగేసినారు. అంత పిండి దండగ.

"సుచరిత వాళ్ళ నాన్న కదా అంకుల్?" అని వెనక నుంచి వినపడింది. శామ్. నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టినాడు.

"వేరుశనగ పని మీద వచ్చినా" అన్నా.

"నీడలోకి రండి అంకుల్" అన్నాడు. ఈ రాళ్ళలో వేరుశనగ యాడిది అని అడగలేదు. వాడు తెలివైనోడు, జాగ్రత్తగా ఉండాల.

నేనే అడిగినా, నువ్వేం చదివినావని. "నేను కూడా విజయవాడలోనే రెండేండ్లు లాంగ్ టర్మ్ అంకుల్."

"సీటొచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

"బాగుండా అంకుల్" అన్నాడు.

సీటు రాలేదంట, బాగుండాడంట. ఇట్లాంటోళ్ళతో కూర్చుంటే నా బిడ్డకు సీటెట్లొస్తాది?

ప్రేమజ్యోతి చూసి, మీరూ కాసేపు కూర్చోండి సార్ అనింది. కాదంటే బాగుండదని కూర్చున్నా. కళ్ళు మూసుకోమనింది. ఒక కన్ను మూసి ఒకటి కొంచెం తెరిచి పెట్టుకున్నా, ఎవరేం చేస్తారో చూడాల కదా. తర్వాత ఎండకు అదీ మూసుకుపోయింది. గుండె కొట్టుకునేది చెవుల్లో వినపడింది. ఆ తర్వాత బస్సు కనపడింది, విజయవాడ నుంచి వచ్చిన బస్సు. కిటికీ పక్కన పాప, ఒళ్ళో చేతులు.

వెంటనే కళ్ళు తెరిచినా. నాకు నచ్చలేదు. ఇదంతా మనుషుల్ని ఏడిపించే పద్ధతి.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని పాప అడిగింది, "వేరుశనగ కుదిరిందా నాన్నా?"

"రేటు కుదరలేదు" అన్నా. అది వెనక నవ్విందేమో, అద్దంలో సరిగ్గా కనపడలేదు.

డిసెంబర్ 2

నాలుగు రకాల ముగ్గుపిండి తెప్పించినా. పాపకు చూపించి, ఇంట్లోనే వేసుకో, అంత దూరం పోయేదెందుకు అన్నా. సరే నాన్నా అనింది. వెయ్యలేదు.

డిసెంబర్ 8

ఈరోజు బడి గంట కొట్టినప్పుడు పాప లేవలేదు. కంచం అంచు మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకునింది. ఊపిరి తీసుకునేది నాకు వినపడింది. గంట ఆగేదాకా అట్లే ఉండి, కళ్ళు తెరిచి, పెరుగన్నం కలుపుకుని తినింది. శ్రీదేవి కొంగుతో కండ్లు తుడుచుకునింది.

బాగైపోయింది. నేను ముందు నుంచీ చెప్తానే ఉండా. 21వ తేదీ పొద్దుటి బస్సుకు రెండు టికెట్లు బుక్ చేసినా.

శ్రీదేవి "పాపను అడిగినారా?" అనింది.

"ఎప్పుడన్నా కాదనిందా?"

"కాదనడం దానికెవరు నేర్పినారు?" అనింది. లోపలికి పోయింది. ఈమె మాటలు ఈమధ్య నాకు అర్థం కావడం లేదు.

డిసెంబర్ 9

పాపకు టికెట్టు సంగతి చెప్పినా. "సరే నాన్నా" అనింది. చూసినావా శ్రీదేవీ అని గట్టిగానే అన్నా, లోపలికి వినపడేట్టు.

మినప్పప్పు నిండుకుంది.

డిసెంబర్ 13, శనివారం

పాప తనంతట తాను వచ్చి మాట్లాడింది ఈరోజు. తలా ఒక చిన్న మట్టికుండ ఇచ్చినారంట, నెల నుంచి దానికి రంగులేస్తాండారంట. వచ్చే శనివారం అమ్మానాన్నలందర్నీ పిలిచి చూపిస్తారంట.

"నువ్వు రావాల నాన్నా. అమ్మ వచ్చినా సరే, రాకపోయినా సరే. నువ్వు మాత్రం రా."

నన్నే ఎందుకని అడిగినా. "నీకే తెలుస్తాది" అనింది.

రంగుల సంగతి నాకేం తెలుస్తాది? ఆ ప్రేమజ్యోతి ఏదో చెప్పి పంపించింది. నన్ను కూర్చోబెట్టి అందరి ముందర, కాలేజీకి పంపొద్దు సార్ అంటుందేమో. అననీ. నా దగ్గర జవాబుండాది.

డిసెంబర్ 20, శనివారం

అంగడి మూసి ఇద్దరం పోయినాము. హాల్లో బల్లల మీద కుండలు పెట్టినారు. ఒక్కొక్కటి ఒక్కో రంగు. అన్నిటికీ మూతలుండాయి. ప్రేమజ్యోతి చెప్పింది, లోపల ఏముందో ఆ పిల్లలదే, మూతలు తీయొద్దు, ఇప్పుడు నాలో ఏముంది అని ఒక్కొక్కరు ఒక్క మాట కుండ మీద రాసినారు, అది చూస్తే చాలు అని. నాగజ్యోతి కుండ మీద 'కోపం' అని ఉండాది. వాళ్ళ నాయన చదివి తల గోక్కున్నాడు.

మా పాప కుండ అన్నిటికంటే బాగుండాది. నల్లటి కుండ మీద తెల్ల చుక్కలు, ఒక్కటి కూడా వంకర పోలేదు. మూతి చుట్టూ గుండ్రంగా ఒకే మాట రాసింది.

నిండుకుంది.

శ్రీదేవి నా మోచెయ్యి పట్టుకునింది.

ప్రేమజ్యోతి వచ్చి నిలబడింది. "సార్, ఈ మాట మీద నాకు కొంచెం డౌటుంది. నా తెలుగు అంత మంచిది కాదు. నిండింది అని నేను అనుకున్నాను, చాలా సంతోషపడ్డాను. కానీ సుచరిత రాసేటప్పుడు మొహం అలా లేదు. అడిగితే, మా నాన్ననడగండి మేడం, ఆయనకే తెలుసు అంది. అందుకే మీకోసం చూస్తున్నాను. అంటే ఏంటి సార్?"

పాప బల్లకు అవతల నిలబడుకోనుండాది. నన్నే చూస్తాండాది. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకునింది.

"నిండు కుండ అని మేడం" అన్నా. "మా పక్క అట్లే అంటారు."

"అంటే నిండిందనే కదా?"

"అంతే మేడం. నిండుగా ఉండాదని."

ప్రేమజ్యోతి నవ్వింది, పాప భుజం తట్టింది. పాప నా మీద నుంచి చూపు తీసేసింది. కోపం లేదు మొగంలో. నేను ఏం చెప్తానో ముందే తెలిసినట్టు ఉండాది.

ఆటో ఎక్కినాము. కుండ పాప ఒళ్ళో ఉండాది. ఇంటి ముందు దిగినాక శ్రీదేవి ఏదో అనింది. ఆటో చప్పుడులో నాకు వినపడలేదు.

అదే రోజు, సాయంత్రం

వినపడింది. "మీకు తెలీదా ఆ మాట?" అనింది.

నేను చెప్పినదాంట్లో తప్పేముండాది? మాటకు ఒక్కో పక్క ఒక్కో అర్థం. ఆ ప్రేమజ్యోతి బెంగుళూరు మనిషి, ఆమెకు నిండిందనే తోచింది, ఆమె సంతోషపడింది. రేపు ప్రయాణం పెట్టుకుని ఈరోజు ఎవరన్నా గొడవ చేసుకుంటారా? పాప సూట్‌కేసు సర్దుకుంటాండాది. ఏడవడం లేదు. అన్నం కూడా తినింది. బాగుండాది కాబట్టే సర్దుకుంటాండాది.

కందిపప్పు నిండుకుంది. తెప్పించాల.

కందిపప్పు నిండుకుంది అని రాసినా. డబ్బా బోర్లిస్తే ఒక్క గింజ రాలేదు, అందుకని రాసినా.

డిసెంబర్ 21, ఆదివారం

పొద్దున్నే అంగడి తెరిచినా. ప్రయాణమైనా దీపం పెట్టకుండా పోము. దీపం పెట్టి, ఊదుబత్తి తిప్పి, చూస్తే బియ్యం మూటల మీద పాప కూర్చోనుండాది. తల దువ్వుకుని, చెప్పులేసుకుని, సూట్‌కేసు పక్కన పెట్టుకుని. కుండ నా కాటా పక్కన పెట్టుండాది.

"ఇది తీసుకపోవా?"

"హాస్టల్లో పగలగొడతారు నాన్నా. ఈడ ఉండనీ."

చేతిలోకి తీసుకున్నా. జీవితమంతా తూకం వేసినోణ్ణి, పట్టుకుంటేనే తెలుస్తాది. మూత తీయలేదు, తీయాల్సిన పని లేదు. ఇన్నాళ్ళూ అందర్నీ అనుమానించినా. ప్రేమజ్యోతిని, శామ్‌ను, ఓబుళేశును, కట్టుకున్న దాన్ని కూడా. నన్ను ఒక్కణ్ణే వదిలిపెట్టినా.  కుండ కింద పెట్టేసినా.

మూటల మీద దాని పక్కన కూర్చున్నా.

"పాపా, మళ్ళా ఆ కాలేజీకి పోయే ఓపిక ఉండాదా నీకు?"

తల వంచుకునింది. ఊపిరి తీసుకునింది, మెల్లగా, ఆ రాళ్ళ మీద తీసుకున్నట్టు.  నేను తొందర చెయ్యలేదు.

"నిండుకుంది నాన్నా" అనింది.

"ఆ మాట కాదమ్మా. ఇంకో మాట ఉండాది కదా."

దీపం పక్క చూసింది. "అంగట్లో అనకూడదు కదా."

"అను. నేను చెప్తాండా కదా, అను."

"లేదు" అనింది.  మళ్ళా అనింది, "లేదు నాన్నా. ఓపిక లేదు. నాకు శక్తి లేదు." ఆ తర్వాత ఆగలేదు. చిన్నప్పుడు పాటెత్తుకున్నట్టే లేదు లేదు అంటానే ఉండింది, ఏడుస్తానే ఉండింది. నేను పట్టుకుని కూర్చున్నా. నేను కూడా ఏడ్చినా. శ్రీదేవి లోపలి నుంచి వచ్చి వాకిట్లో నిలబడింది.

బయట ఓబుళేశు హారన్ కొట్టినాడు. "అన్నా, బస్సుకు టైమైతాండాది. డాక్టరమ్మను రమ్మను."

నేను లేచి మెట్ల మీదికి పోయినా.

"ప్రయాణం లేదప్పా" అన్నా.

"ఎప్పటికి పెట్టుకున్నారు మళ్ళా?"

"లేదు. మళ్ళా లేదు. దాని పేరు సుచరిత, సుచరిత అని పిలువు."

పక్కింటోళ్ళు, పాలు పోసేటోళ్ళు, అందరూ విన్నారు. విననీ. లోపలికొచ్చి ప్రేమజ్యోతికి ఫోన్ చేసినా. నిన్న మీకు తప్పు చెప్పినా మేడం అని మొదలుపెట్టినా. ఆమె అంతా విని, "వచ్చే శనివారం సుచరితతో పాటు మీరూ రండి సార్" అనింది. ఈసారి వేరుశనగ పని ఏమీ లేదు కాబట్టి వస్తానన్నా.

డిసెంబర్ 22

పాప మధ్యాన్నం దాకా నిద్రపోయింది. బడి గంట కొట్టినా లేవలేదు.

కందిపప్పు లేదు. తెప్పించాల.